కదిలే నేల, మల్లేశం గీసిన బాణం

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు రెండే ప్రశ్నలు అడుగుతారు. ఎన్ని రాష్ట్రాలు తిరిగారు మేడం, ఎన్ని పేపర్లు వేశారు మేడం అని. రెండింటికీ జవాబుంది కానీ ఆ జవాబుల వల్ల మీకు నయాపైసా ఉపయోగం లేదు. ముప్పై నాలుగేళ్లు నేను చేసిన పని ఒకటే. ఒక రాయి పుట్టిన రోజున అది భూగోళం మీద ఏ అక్షాంశంలో ఉందో కనిపెట్టడం. అది తెలిస్తే ఆనాటి ఎండావానల సంగతి సగం తెలుస్తుంది. మిగతా సగం ఆ రాయి మీదే కనపడుతూ ఉంటుంది, చూసే ఓపిక ఉంటే.

ఒకసారి ఆ ఓపిక నాకు లేకపోయింది. దానివల్ల నాతో పనిచేసిన ఒక మనిషి ఉద్యోగం మీదికి వచ్చింది. ఆ సంగతి రాయడానికే ఇది మొదలుపెట్టాను. కాకపోతే పని ఏమిటో తెలియకుండా తప్పు ఏమిటో తెలియదు కనుక ముందు పని గురించి చెప్తాను.

ఒకే నేల మీద

సికింద్రాబాద్‌లో ఎక్కడ తవ్వినా గ్రానైటు తగులుతుంది. అది మరీ పాతది, మన కథకు పనికిరాదు. జీపెక్కి గోదావరి లోయ వైపు వెళ్లండి. అక్కడ అడుగు పొరలో ఏనుగంత బండలూ, గుప్పెడంత గులకరాళ్లూ, పిండిలాంటి మట్టీ కలగలిసి ఉంటాయి. కొన్ని రాళ్ల మీద ఒకే దిక్కుగా గీతలుంటాయి. వాటిని ఈడ్చుకొచ్చి పడేసింది మంచు. అవును, తెలంగాణలో మంచే. దాని మీద బొగ్గు పొర, అంటే చల్లటి చిత్తడి అడవి. బొగ్గు మీద ఎర్ర ఇసుకరాయి, ఎర్ర మట్టి, వాటిలో పెద్ద బల్లుల ఎముకలు, అంటే ఎండ ముదిరిన రోజులు. అటునుంచి వెనక్కి తిరిగి వికారాబాద్ వైపు వెళ్తే నల్లటి లావా. జహీరాబాద్ దగ్గర ఆ లావా మీద టోపీ పెట్టినట్టు ఎర్ర రాయి. వేడీ వానా కలిసి లావాను కుళ్లబెడితే వచ్చే రాయి అది.

మా నాన్న రైల్వేలో పనిచేసేవారు. కాకినాడ నుంచి వచ్చి మెట్టుగూడ క్వార్టర్లలో ఉండేవాళ్లం. అందుకని నాకు మొదటినుంచీ ఒక పోలిక అలవాటైంది. నేల ఒక రైలు. దక్షిణ ధ్రువం పక్కన బయల్దేరి, చలి స్టేషన్, ఎండ స్టేషన్, వాన స్టేషన్ దాటుకుంటూ ఉత్తరానికి వచ్చింది. వాతావరణాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, కదిలింది మనం. పిల్లలకు చెప్పడానికి ఇది బాగుంటుంది.

కానీ ఈ పోలిక సగమే నిజం. స్టేషన్లు కూడా మారతాయి. కొన్ని కాలాల్లో భూమి మొత్తం వేడెక్కింది, కొన్నిట్లో మొత్తం చల్లబడింది. ఖండాలన్నీ అతుక్కుని ఉన్న మహాఖండం నడుమ మన నేల ఇరుక్కుని ఉన్నప్పుడు సముద్రం ఎంతో దూరం, చుట్టూ పొడి గాలి. విడిపోయి ఒంటరిగా బయల్దేరాక చుట్టూ నీళ్లే. చివరికి పోయి ఆసియాను గుద్దుకుంది. రైలు ప్లాట్‌ఫారాన్ని గుద్ది కొండంత ఎత్తుకు లేపిందన్నమాట. హిమాలయాలు లేచాకే మన నైరుతి వానకు ఇప్పటి బలం వచ్చింది. నేల వాతావరణంలోకి ప్రయాణం చేయడమే కాదు, వాతావరణాన్ని తయారు కూడా చేస్తుంది. ఇది అర్థం కావడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఇంకొక మాట. సికింద్రాబాద్‌లోని కార్ఖానా ప్రాంతంలో మా అపార్ట్‌మెంట్ సంఘం పెద్ద ఒకాయన ఉన్నారు. ఏప్రిల్ ఎండలో లిఫ్టు దగ్గర కనపడినప్పుడల్లా, "వాతావరణం ఎప్పుడూ మారుతనే ఉన్నది గద మేడం, మీ సబ్జెక్టే గది. మరి గిప్పుడేందీ గింత పరేషాన్ చేస్తున్నరు?" అంటారు. మా పనిని ఇలా వాడుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేల కదిలేది గోరు పెరిగినంత నెమ్మదిగా. ఆ లెక్కన నా ఉద్యోగకాలమంతా కలిపి ఈ ఊరు రెండు మీటర్లు కూడా జరగలేదు. ఇప్పటి వేడి పొగ గొట్టాల సంగతి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి, ఎవరైనా కడితే ఊరుకోకండి.

పెద్దాయన

మా ల్యాబ్ అధిపతిని అందరం పెద్దాయన అనేవాళ్లం. కోస్తా మనిషి, తెల్ల చొక్కా, నెమ్మదైన గొంతు. ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది.

చేరిన మొదటి ఏడాది గోదావరి లోయలో ఒక పత్తి చేలో రాయి దొరికింది. దాని మీద దువ్వెనతో గీసినట్టు గీతలు. మంచు గీతలే అనుకుని, నా బరువులో సగమున్న ఆ రాయిని పొట్టకు ఆనించుకుని జీపు దాకా మోసుకొచ్చాను. వెనకే చేను ఆసామి వచ్చి రాయిని చూసి నవ్వాడు.

"గది నా ట్రాక్టర్ గీకిందమ్మా. పోయిన వానకాలం గీ రాయి తగిలే నాగలి కర్రు విరిగింది."

జీపు దగ్గరే ఉన్న పెద్దాయన నవ్వలేదు. "రాయి ఏ పొరలో ఉందో చూడకుండా రాయిని మాత్రం చూస్తే ఎలాగమ్మా? ముందు రాయి పుట్టిల్లు చూడు, తర్వాత రాయిని చూడు," అన్నారు. అంతకు మించి ఆ విషయం ఎత్తలేదు.

అదే పెద్దాయన, నేను ఫీల్డుకు వెళ్తానన్న ప్రతిసారీ, "నీకెందుకమ్మా ఈ ఎండలో తిప్పలు? ల్యాబ్‌లో బోలెడు పనుంది, ఫీల్డు మగాళ్లు చూసుకుంటారు," అనేవారు. ఆప్యాయంగానే అనేవారు. ఆ ఆప్యాయత నాకు నచ్చేది కాదు. మా ల్యాబ్‌లో ఆడపిల్లను నేనొక్కదాన్నే. నేను తప్పు చేస్తే అది నా తప్పు కాదు, ఆడవాళ్లందరి తప్పు అవుతుందని నాకు బాగా తెలుసు. ఇది సాకుగా చెప్పడం లేదు. తర్వాత జరిగింది అర్థం కావాలని చెప్తున్నాను.

రాయిలోని సూది

ఒక దిక్సూచి ముల్లును దారంతో వేలాడదీస్తే అది ఉత్తరం చూపడమే కాదు, కొంచెం వాలుతుంది కూడా. భూమధ్యరేఖ మీద అడ్డంగా ఉంటుంది, ధ్రువం దగ్గర నిట్టనిలువుగా నిలబడుతుంది. రేఖకు అటువైపు ఒకలా వాలితే, ఇటువైపు దానికి తలకిందులుగా వాలుతుంది. లావా చల్లారేటప్పుడు దానిలోని ఇనుప రేణువులు ఆ వాలును పట్టేసుకుని గడ్డకడతాయి. ఎన్ని కోట్ల ఏళ్లయినా వదలవు. ఆ వాలును కొలిస్తే రాయి పుట్టినచోటి అక్షాంశం వస్తుంది. అప్పుడప్పుడు భూమి అయస్కాంతమే తిరగబడుతుంది. ఆ చిక్కు విప్పడానికి వేరే పద్ధతి ఉంది, దాన్ని ఇక్కడ వదిలేస్తాను.

ఇదంతా ఒక్క సుద్ద గుర్తు మీద ఆధారపడి ఉంటుంది. రాయిని కొండ నుంచి విడగొట్టక ముందే దాని ముఖం మీద ఉత్తరం వైపు బాణం గీయాలి. విడిపోయిన తర్వాత గీస్తే అది ఉత్త రాయి. ల్యాబ్‌లో బాణం ముఖాన్ని పైకి పెట్టి, బాణాన్ని ఉత్తరానికి తిప్పి, కోసి కొలుస్తారు.

మాకు బాణాలు గీసేదీ, ల్యాబ్‌లో ఎక్కువగా రాళ్లు కోసేదీ మల్లేశం. నల్గొండ వైపు మనిషి, చిన్నప్పటినుంచీ కంకర క్వారీల్లో పనిచేసి మా ల్యాబ్‌కు వచ్చాడు. మెట్టుగూడలోనే మా పాత క్వార్టర్లకు రెండు వీధుల అవతల ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా పేరు పెట్టి నువ్వు అనే పిలిచేదాన్ని, అప్పట్లో అందరూ అంతే. ఆయన మాత్రం నన్ను మీరు అనేవాడు. పదకొండేళ్లుగా దినకూలీ మీద ఉన్నాడు. నేను చెప్పబోయే ఏడాదే పర్మనెంట్ చేయాల్సినవాళ్ల జాబితాలో ఆయన పేరు మొదటిసారి ఎక్కింది. ఇంట్లో ముగ్గురు పిల్లలు, పక్షవాతంతో మంచంలో ఉన్న తల్లి. ఆ జాబితా ఆయనకు ఎంత ముఖ్యమో ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

పనిలో ఆయన చూపు చాలా గట్టిది. ఒకసారి నేను దిక్సూచి పట్టుకుని కొలత చెప్తుంటే ఆపేశాడు.

"జెర ఆగున్రి మేడం. మీ చున్నీకి పిన్నీసు ఉన్నది. ముల్లును గుంజుతది."

పిన్నీసు తీసి పక్కన పెట్టాను. ముల్లు నిజంగానే కదిలింది.

కప్పు కింద తీసిన రాయి

వికారాబాద్ అవతల ఒక పాత క్వారీలో రెండు లావా పొరల మధ్య పల్చటి మట్టి పొర ఉండేది. ఒక లావా చల్లారాక, ఇంకొకటి రాకముందు అక్కడ చెరువేదో ఉండేదన్నమాట. ఆ మట్టిలో మంచినీటి నత్త గుల్లలూ, తాటి జాతి ఆకుల అచ్చులూ దొరికాయి. మంచి వానలున్న కాలం. ఆ కాలంలో ఈ నేల ఎక్కడ ఉంది? మట్టి మీదికి వచ్చి పడిన లావా అడుగు భాగాన్ని కొలిస్తే తెలుస్తుంది.

మెత్తటి మట్టి రాలిపోయి లోపలికి గుహలా అయింది. లావా అడుగు పైన కప్పులా వేలాడుతోంది. కాబట్టి బాణం గీయాల్సింది కప్పుకు, కింది నుంచి. ఇలా కింది ముఖం మీద గీస్తే బాణం పక్కన సున్నా చుట్టాలని మా నియమం. సున్నా ఉంటే ల్యాబ్‌లో ఆ ముఖాన్ని కిందికి పెడతారు.

మధ్యాహ్నం మూడింటికి మబ్బు పట్టింది. క్వారీలోకి నీళ్లొస్తే జీపు పైకెక్కదు. మల్లేశం వెల్లకిలా పడుకుని బాణాలు గీస్తున్నాడు.

"సున్నా సుత పెట్టాలె గద మేడం?" అని అడిగాడు.

"బాణం చాలు, కానివ్వు. కింది ముఖమని నేను పుస్తకంలో రాసుకుంటాలే," అన్నాను.

ఆరు రాళ్లు తీశాం. వాన మొదలైంది. జీపెక్కాం. పుస్తకంలో రాయలేదు.

సెమినార్ హాలు

ల్యాబ్‌లో కొలతలు వచ్చాయి. మిగతా క్వారీల లావాలన్నీ ఈ నేల భూమధ్యరేఖకు దక్షిణాన బాగా దిగువన ఉందని చెప్తుంటే, ఈ ఆరు రాళ్లు మాత్రం రేఖ దాటి ఉత్తరానికి వచ్చేసిందని చెప్పాయి. ఎవరికైనా అనుమానం రావాలి. నాకు ఆనందం వచ్చింది. నత్తలు, తాటాకులు, వానలు, ఉత్తరం, అన్నీ అతికాయి. రేఖ దగ్గరి వాన పట్టీలోకి వచ్చాక పడిన చివరి లావా ఇదేనని సిద్ధాంతం కట్టాను. సెమినార్ హాలులో అందరి ముందూ గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు.

పెద్దాయన మరుసటి నెల ఇంకొకర్ని అదే క్వారీకి పంపారు. వాళ్లు అదే లావా పై ముఖం నుంచి రాళ్లు తెచ్చారు. దక్షిణం అని వచ్చింది. ఒకే లావా రెండు అర్ధగోళాల్లో ఉండదు.

పెద్దాయన నన్ను పిలిచారు. "ఎక్కడో గుర్తు తిరగబడిందమ్మా. ఎవరు పొరబడ్డారో కాగితం మీద పెట్టాలి. గుర్తులు గీసింది ఎవరు?"

"మల్లేశం," అన్నాను.

అది అబద్ధం కాదు. గీసింది ఆయనే. కాగితం మీద 'దిశ గుర్తు పెట్టడంలో క్షేత్ర సహాయకుడి పొరపాటు' అని రాసి సంతకం పెట్టాను. తర్వాతి సెమినార్‌లో, మల్లేశం తలుపు దగ్గర నిలబడి ఉండగా, అదే మాట అందరికీ చెప్పాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. వానలో నేనన్న మాట నాకు గుర్తులేదని తర్వాత చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. గుర్తుంది.

ఆ నెలాఖరుకు జాబితాలోంచి మల్లేశం పేరు తీసేశారు.

గుర్తు ముఖానికి అంటిన మన్ను

వారం తర్వాత మల్లేశం నా గదికి వచ్చాడు. చేతిలో కోయగా మిగిలిన రాతి ముక్క. బల్ల మీద బాణం పైకి వచ్చేలా పెట్టాడు.

"మేడం, గీ ముఖం జెర చూడున్రి."

చూశాను. బాణం చుట్టూ ఎర్రటి మట్టి, ఇటుకలా కాలి రాయికి అతుక్కుపోయి ఉంది.

"లావా మీద పడ్డప్పుడు కింద మన్ను కాలి అంటుకుంటది. పైదిక్కు ఎట్ల అంటుకుంటది? గిది కింది ముఖమని రాయే చెప్తున్నది. సున్నా లేకున్నా తెలుస్తది మేడం. కోసేటోడు చూడలే, నేను ఊర్ల లేకుంటి. మీరన్నా చూసుంటే సరిపోతుండె."

నేను చూడలేదు. ఆరు రాళ్ల మీదా ఆ మట్టి ఉంది. నెలల తరబడి ఆ రాళ్లు నా బల్ల మీదే ఉన్నాయి. నేను చూసింది యంత్రం ఇచ్చిన అంకెలను. పుట్టిల్లు చూడమని పెద్దాయన చెప్పింది నాకే, ఈయనకు కాదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట, "చూద్దాంలే మల్లేశం."

"నేను గీసుడు తప్పు గియ్యలే మేడం. గంతే," అని రాయి అక్కడే వదిలి వెళ్లిపోయాడు.

మీకు చెప్పుకోవడానికి చిన్నతనంగా ఉంది, నేను అలా ఊరికే అయిదు నెలలు చూస్తూ కూర్చున్నాను. అప్పటికి నా ఉద్యోగం కూడా ఖాయం కాలేదు. నిజం రాస్తే ఫీల్డు తలుపు నాకు మూసుకుపోతుందని భయం. మల్లేశం ఆ అయిదు నెలలూ మామూలుగానే పనికి వచ్చాడు. ఒక్కటే మారింది. కోయడానికి ముందు ప్రతి రాయినీ నా దగ్గరికి తెచ్చేవాడు. "పై ముఖమా, కింది ముఖమా? రాసియ్యున్రి మేడం," అనేవాడు. చీటీ మీద రాసి సంతకం పెట్టేదాన్ని. ఆ చీటీని రాయికి దారంతో కట్టి తీసుకెళ్లేవాడు. రోజుకు ఇరవై రాళ్లు ఉండేవి. మాటల్లో కోపం లేదు, మర్యాద తగ్గలేదు. ఆ చీటీలు రాయలేక నాకు ఆఫీసుకు వెళ్లాలంటేనే దిగులు పుట్టేది.

చివరికి ఒకరోజు ఆ రాతి ముక్కతో పెద్దాయన గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆయన రాయిని తిప్పి, కాలిన మట్టిని వేలితో గీకి చూశారు.

"నేనూ చూడలేదమ్మా," అన్నారు. "రాసివ్వు. పైకి పంపుతాను. నిన్ను రెండేళ్లు ఫీల్డుకు పంపలేను మరి."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. నిజమే, కానీ పిడికిళ్లన్నీ ఒక సైజువి కావు. నాదే పెద్దది. రాసిచ్చాను. మల్లేశం పేరు మళ్లీ జాబితాలో ఎక్కడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆయన తర్వాత చేరినవాళ్లు నలుగురు ఆయన కంటే ముందు పర్మనెంట్ అయ్యారు. తల్లి ఆలోపే పోయింది.

ఇక సిద్ధాంతం సంగతి. ఆ నత్తలూ తాటాకులూ అబద్ధం చెప్పలేదు. నేల దక్షిణాన ఉన్న మాట నిజం, వానలు పడిన మాటా నిజం. ఆ కాలంలో భూమి మొత్తం ఇప్పటికంటే వేడిగా ఉండేది, చుట్టూ సముద్రం ఉండేది, కనుక అంత దిగువన కూడా చెరువులు నిండాయి. అక్షాంశం ఒక్కటే వాతావరణం కాదు. వాన ఉంది కాబట్టి వాన పట్టీలోకి వచ్చేసి ఉండాలని నేను తొందరపడ్డాను. జవాబు ముందే అనుకున్నవాడికి రాయి కనపడదు. మీ రంగంలో మీరు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే అవుతుంది.

రానన్న మనిషి

రెండేళ్ల తర్వాత నాకు మళ్లీ ఫీల్డు ఇచ్చారు. మల్లేశాన్ని రమ్మన్నాను.

"కోసుడు కోస్త మేడం. మీతోని రాను," అన్నాడు.

మిగతావాళ్లతో వెళ్లేవాడు. మా ల్యాబ్‌లో అంత బాగా గుర్తు పెట్టేవాళ్లు తర్వాత కూడా రాలేదు. ప్రతి సీజన్‌కు ముందు అడిగేదాన్ని, ప్రతిసారీ అదే జవాబు వచ్చేది. నా రాళ్లన్నీ శ్రద్ధగా కోసి ఇచ్చాడు, ఒక్కటి పాడుచేయలేదు. మా పిల్లల అన్నప్రాశనలకు వచ్చాడు, వాళ్ల అమ్మాయి పెళ్లికి నన్ను పిలిచాడు. ఫీల్డుకు మాత్రం రాలేదు. అలా చాలా ఏళ్లు గడిచాయి.

ఆయన రిటైరయ్యే వారం, అప్పటికి ఆయన్ని నువ్వు అనడం మానేసి చాలాకాలమైంది, కూర్చోబెట్టి అడిగాను. "తప్పు నాదని రాసిచ్చాను కదా మల్లేశం గారూ. ఇంకా ఎందుకు కోపం?"

"కోపమేం లేదు మేడం," అన్నాడు. "మల్లేశం గుర్తు తప్పు పెట్టిండని హాల్ల అందరి ముంగట చెప్పిన్రు. నేను తలుపు కాడ నిలబడి విన్న. తప్పు మీదని మాత్రం సార్ గదిల, తలుపేసి, కాగితం మీద రాసిచ్చిన్రు. గా కాగితం ఎవరు చదివిన్రు? ఇప్పటికీ మన ల్యాబ్ల సగం మందికి నేనే తప్పు గీసినోణ్ణి."

ఆయన చెప్పింది నిజం. ఆ తర్వాత కూడా ఎన్నో సెమినార్లు జరిగాయి. ఆ హాలులో నిలబడి ఎన్నోసార్లు మాట్లాడాను. ప్రతిసారీ ఆ రెండు వాక్యాలు చెప్పడానికి సందర్భం కాదనిపించింది. ఇప్పుడు నేనూ రిటైరయ్యాను, నాకు హాలు లేదు. మల్లేశం గారు మెట్టుగూడలో ఉన్నారు, చూపు తగ్గింది కానీ చదివితే వింటారు. అచ్చయ్యాక ఇది తీసుకెళ్లి వాళ్ల ఇంట్లోవాళ్ల ముందు నేనే చదువుతాను.

వికారాబాద్ అవతలి క్వారీలో ఆరు రాళ్ల మీద మల్లేశం గారు బాణాలు సరిగ్గానే గీశారు. తప్పు నాది.